ఆహారమనగా మొక్కజొన్న

కోరుకొండ సన్యాసిరావుగారు వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టరుగా రిటైరయ్యాక కొన్నాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. సర్వీసులో ఉన్నంతకాలం ఆయన నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు తలలూపేవారు. ఇప్పుడు విజయనగరంలో సొంత పెరట్లో వంగమొక్కకి ఏ మందు కొట్టాలో చెప్పినా భార్య సింహాచలం తలూపేది కాదు. తనకు తోచింది చేసుకునేది. వంకాయలు విరగకాసేవి. ఆయన్ని బాధపెట్టింది ఆ విరగకాయడమే.

అలాంటి సమయంలో ఆఫ్రికా నుంచి పిలుపు వచ్చింది. ఆ ఖండం దక్షిణ భాగంలో, సముద్రం తగలని ఒక దేశంలో, ఆకలి మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఒకటి ఉంది. ఏ దేశం, ఏ సంస్థ అన్నది చెప్పడం వల్ల ఎవరి కడుపూ నిండదు కాబట్టి పేర్లు అనవసరం. వాళ్లకు మెట్ట పంటల నిపుణుడు కావలసి వచ్చాడు. సన్యాసిరావుగారు సర్వీసంతా కొండకింది మండలాల్లో మొక్కజొన్న వేయించినవారు. శాఖలో ఆయన్ని చాటుగా మొక్కజొన్న సన్యాసిరావు అనేవారు. ఆయన అది బిరుదనుకునేవారు. పిలుపు అందగానే కోటు కుట్టించుకున్నారు. అక్కడి ఎండలు కూడా మన ఎండల్లాంటివేనని సింహాచలం చెప్పి చూసింది గానీ, నిపుణుడికి కోటు లేకపోతే ఎలాగన్నారు.

రాజధానిలో ఆయన్ని ఆహ్వానించినవాడు సంస్థ ప్రాంతీయ సమన్వయకర్త గుస్తావ్. మంచుదేశం మనిషి. పొడుగ్గా, మర్యాదగా, ఎప్పుడూ కాస్త బాధపడుతున్నట్టు ఉంటాడు. మొదటిరోజే ఆయన్ని చల్లటి గదిలో కూర్చోబెట్టి గోడమీద బొమ్మలు వేసి ఆ దేశపు వ్యవసాయ చరిత్రంతా చెప్పాడు.

ఆ చరిత్ర ఏమిటంటే, పూర్వం అక్కడివాళ్లు జొన్న, సజ్జ, చోళ్లు, అంటే రాగులు, పండించుకుని తినేవారు. తెల్లదొరలు వచ్చి గనులు తవ్వారు. గనుల్లోకి దిగేవాళ్లకు పెట్టడానికి, మర పట్టడం సులువని, మొక్కజొన్న పిండి తెచ్చారు. గుడిసెకింత అని పన్ను వేశారు. పన్ను కట్టాలంటే గనికైనా పోవాలి, దొరలు కొనే మొక్కజొన్నైనా వేయాలి. చోళ్లు నానబెట్టి కల్లు కాస్తున్నారని కొన్నిచోట్ల ఆంక్షలు కూడా పెట్టారు. దొరలు పోయి సొంత ప్రభుత్వం వచ్చింది. ఆ తెల్లటి పిండి అందరికీ అందాలని అది మొక్కజొన్న విత్తనమూ ఎరువూ చౌకగా ఇచ్చింది. తర్వాత అప్పులిచ్చేవాళ్లు వచ్చి చౌకగా ఇవ్వడం తప్పన్నారు. ఆపేశారు. ఇంకొకళ్లు వచ్చి ఆపడం తప్పన్నారు. మళ్లీ ఇచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ తమ ముందువాళ్లు ఘోరమైన పొరపాటు చేశారన్నారు. మొక్కజొన్న విషయంలో మాత్రం అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది.

సంస్థ నిబంధనావళి ఆ ఏకాభిప్రాయం మీదే నిలబడి ఉంది. గుస్తావ్ చూపించిన మొదటి నిబంధనను సన్యాసిరావుగారు అలవాటు కొద్దీ మనసులో సర్కారు తెలుగులోకి మార్చుకున్నారు: 'ఆహారమనగా మొక్కజొన్న. తదితరములు ఆహారేతరములుగా పరిగణింపబడును.' ఇలా ఎందుకని ఆయన అడగలేదు, అయినా గుస్తావే చెప్పాడు. ఎన్నో దేశాల ఆకలిని ఒకే పటం మీద రంగుల్లో చూపించాలి. ఆకలికి ఎరుపు, తిండికి పచ్చ. ఒక్కో ఊళ్లో ఒక్కో గింజ తింటున్నారని ఒప్పుకుంటే రంగులు చాలవు.

సన్యాసిరావుగారికి అది ఎంతో సబబుగా అనిపించింది. పైగా ఆయన జీవితమంతా మొక్కజొన్నకు చేసిన సేవకు ఎవరో ఆలస్యంగానైనా న్యాయం చేసినట్టు అనిపించింది.

ఆయన్ని చిలింబా అనే లోయకి పంపారు. తోడు ఇచ్చినవాడు ఫ్యాన్‌వెల్ అనే స్థానిక వ్యవసాయాధికారి. నలభై దాటినవాడు. జీపు నడపడమూ, మాటలు తర్జుమా చెయ్యడమూ అతనే. లోయకి పెద్ద ఒక ఆడమనిషి, ఎస్నాత్ మ్వాలె. పెద్దవాళ్లని అక్కడ గౌరవంగా ఎలా పిలవాలో ఫ్యాన్‌వెల్ దారిలోనే నేర్పాడు. మగవాళ్లని బాంబో అనాలి, నాయనా అన్నట్టు. ఆడవాళ్లని అమాయ్ అనాలి, అమ్మా అన్నట్టు. డెబ్బై ఏళ్లావిడని అమ్మాయ్ అని పిలవడానికి సన్యాసిరావుగారి నోరు మొదట్లో రాలేదు. తీరా పిలిచాక ఆవిడ కోపగించుకోకుండా కూర్చోమని పీట వేసింది.

ఆ ఏడు నడివానలు ఎగ్గొట్టాయి. మొక్కజొన్న చేలు ఉన్నచోట ఉన్నట్టు మాడిపోయాయి. సన్యాసిరావుగారు వాటి మధ్య కోటుతో నడుస్తూ తలూపుతూ ఉంటే, పక్క చేలల్లో జొన్న మనిషెత్తున కంకి వేసి నిలబడి ఉంది. దాని పక్కన సజ్జ. పల్లంలో చోళ్లు. ఇళ్ల వెనక కర్రపెండలం, వేరుసెనగ, గుమ్మడిపాదులు. ఎత్తు కాళ్లమీద కట్టిన గాదెల్లో నిరుటి గింజ అడుగుబొడుగు ఉంది. కొత్తది రావడానికి ఎంతో కాలం లేదు.

ఎస్నాత్ అందరికీ సొరకాయ బుర్రల్లో ఏదో తెచ్చి ఇచ్చింది. సన్యాసిరావుగారు ఒక గుక్క తాగి ఆగిపోయారు. చోడంబలి. కాస్త పుల్లగా, అడుగున పిండి తగులుతూ, అచ్చం వాళ్లమ్మ కాచినట్టే ఉంది. చిన్నప్పుడు పొలం గట్టుమీద తాగి, ఉద్యోగం వచ్చాక మానేసి, పెద్ద హోదా వచ్చాక ఎవరికీ చెప్పని తిండి అది. మూడు బుర్రలు తాగారు. తాగి మూతి తుడుచుకుని, ఈ లోయలో ఆహార నిల్వ శూన్యం అని ఫ్యాన్‌వెల్‌తో చెప్పారు.

ఫ్యాన్‌వెల్ మెత్తటివాడు. కాసేపు ఆలోచించి, మనం ఇప్పుడు తాగిందేమిటి సార్ అని అడిగాడు. అది పానీయమని సన్యాసిరావుగారు చెప్పారు. మరి కర్రపెండలం? అది వేరు. వేరు గింజ కాదు. మరి జొన్న గింజే కదా? గింజే, కానీ ఇతరగింజ. గుమ్మడికాయ సంగతి ఫ్యాన్‌వెల్ అడగలేదు. నిబంధనకు కట్టుబడటంలో ఉన్న సుఖం ఏమిటో ఆ సాయంత్రం జీపులో సన్యాసిరావుగారు అతనికి చాలాసేపు వివరించారు. వివరిస్తుండగా కడుపులో అంబలి చల్లగా, హాయిగా ఉంది.

ఆయన నివేదిక రాజధానిలో పండగ తెచ్చింది. ఆ ఏడాది వచ్చిన నిధులకు సరిపడా ఆకలి ఎక్కడా దొరక్క గుస్తావ్ కంగారుపడుతున్నాడు. ఒక లోయ మొత్తం, ఒక్క ఇంటికి కూడా ఆహారం లేదని ఇంత స్పష్టంగా రాసినవాడు ఇంతవరకు లేడని, ఇతర నిపుణులు కొద్దో గొప్పో తిండి ఉన్నట్టు రాసి నిర్ణయాలు కష్టం చేస్తారని మెచ్చుకున్నాడు. పటం మీద చిలింబా లోయ ముదురు ఎరుపైంది. సన్యాసిరావుగారు ఆ పటాన్ని ఫోనులో ఫొటో తీసి సింహాచలానికి పంపారు. ఏటండీ ఈ రక్తం అని ఆవిడ అడిగింది.

లారీలు వచ్చాయి. బస్తాలు దిగాయి. ఎస్నాత్ బయటికి వచ్చి, ఎవరు పోయారని అడిగింది. అన్ని బండ్లు ఒకేసారి రావడం ఆవిడ పెద్ద చావులప్పుడే చూసింది. ఎవరూ పోలేదు, మీరంతా ఆకలితో ఉన్నారని ఫ్యాన్‌వెల్ చెప్పాడు. ఆవిడ లోయవైపు ఒకసారి చూసుకుంది. తర్వాత బస్తాలవైపు చూసింది. ఆవిడేమీ అమాయకురాలు కాదు. ఆకలి ఎన్నాళ్లుంటుందని అడిగింది. తన కోడలి పుట్టిల్లు ఏటికి అవతల ఉంది, వాళ్లకు కూడా కాస్త ఆకలి ఇప్పించడానికి వీలవుతుందేమో కనుక్కోమంది.

మొదట బస్తాలు ఇళ్లకే ఇచ్చారు. కొందరు వాటిని మేకలకు పెట్టారు, కొందరు సంతకు తోలారు. ఈ సంగతి తెలిసి గుస్తావ్ బాధపడ్డాడు. ఆకలిగొన్నవాళ్లు మేకలకు పెట్టరని అతనికి గట్టి నమ్మకం. అందువల్ల కొత్త ఆదేశం వచ్చింది. సన్యాసిరావుగారి సర్కారు తెలుగులో దాని సారాంశం: 'లబ్ధిదారులు ప్రతి ఉదయం కుటుంబ సమేతంగా వంటశాల వద్ద స్వయముగా హాజరై, వేలిముద్ర వేసి, వండిన ఆహారమును అచ్చటనే భుజించవలెను. హాజరు సమయమున పొలమునందు కనబడిన వ్యక్తి ఆకలి లేనివాడుగా భావింపబడి, కుటుంబము మొత్తము అనర్హమగును.'

దాంతో తెల్లారేసరికి లోయ లోయంతా వంటశాల ముందు వరస కట్టింది. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు, ఒళ్లు బలిసిన మగవాళ్లు, అందరూ. వేలిముద్రల మిషను ఎండలో మొరాయించేది. మట్టిపని చేసిచేసి అరిగిపోయిన వేళ్లను అది గుర్తుపట్టేది కాదు. గుర్తుపట్టేదాకా నిలబడాలి. మొక్కజొన్న సంకటీ, బొబ్బర్ల పులుసూ పెట్టేసరికి పొద్దు నడినెత్తికొచ్చేది. సన్యాసిరావుగారు టోపీ పెట్టుకుని వరస పక్కన పచార్లు చేసేవారు. ఆయన మాటకు ఇంతమంది ఒకేసారి నిలబడటం సర్వీసులో కూడా జరగలేదు.

అలా జరుగుతుండగా జొన్న గింజ పాలు పోసుకుంది.

ఎర్రముక్కు పిట్టలు ఆ లోయకి ఏటా వస్తాయి. పిచ్చుకంత ఉంటుంది ఒక్కొక్కటి, కానీ ఒక్కటిగా రాదు. ఆకాశం మీద పొగ లేచినట్టు గుంపుగా వచ్చి ఒక చేనులో వాలి, అది లేచేసరికి ఆ చేను ఉత్త పుల్లల కట్టలా మిగులుతుంది. వాటిని ఆపడానికి అక్కడివాళ్లకు తెలిసిన మందు ఒక్కటే. తెల్లారకముందే ప్రతి చేనులోనూ మంచెలెక్కి, డబ్బాలు కొట్టి, కేకలు పెట్టి, ఒడిసెలతో రాళ్లు విసిరి, గింజ గట్టిపడేదాకా తోలుతూనే ఉండటం. ఇంటిల్లిపాదీ ఉంటే గానీ సాగని పని.

ఎస్నాత్ వచ్చి సన్యాసిరావుగారి ఎదుట నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాంబో, మాకు కొన్నాళ్లు ఆకలికి సెలవు ఇప్పించు," అంది. "పిట్టలొచ్చేశాయి. గింజ ముదిరాక మళ్లీ వచ్చి నువ్వు నిలబడమన్నచోట నిలబడతాం."

హాజరు మానేస్తే పేర్లు పోతాయని సన్యాసిరావుగారు చెప్పారు. మరయితే మధ్యాహ్నం పూట పెట్టమని ఆవిడ అడిగింది. ఆదేశంలో ఉదయం అని ఉందన్నారు. ఇంటికి ఒకరు నిలబడి తక్కినవాళ్లు చేనుకి పోతే? కుటుంబ సమేతంగా అని ఉందన్నారు. అసలు ఈ సంకటి మాకు వద్దంటే ఏమవుతుందని ఆవిడ అడిగింది. నిజానికి అదే మంచి దారి. కానీ వద్దన్న లోయ అని ఒకసారి పటం మీద పడితే, నిజంగా కరువొచ్చిన ఏడు లారీ రాదని ఫ్యాన్‌వెల్ మెల్లిగా చెప్పాడు. ఎస్నాత్‌కి అలాంటి కరువులు గుర్తున్నాయి. చిన్నప్పుడు వేళ్లూ ఆకులూ తిన్న ఏడు ఆవిడకో చెల్లెలు పోయింది. ఆవిడ వెళ్లి వరసలో నిలబడింది.

సన్యాసిరావుగారు రాజధానికి ఫోను చేశారు. పాలకంకి మీద పిట్టల్ని తోలకపోతే ఏమవుతుందో తెలియని వ్యవసాయాధికారి ప్రపంచంలో ఉండడు, ఆయనకూ తెలుసు. గుస్తావ్ ఓపిగ్గా విన్నాడు. విని, ఆకలితో ఉన్నవాళ్లకు కాపాడుకోవలసిన పంట ఉండటం మౌలిక సూచికలకు విరుద్ధమన్నాడు. జొన్న ఆహారేతరం కాబట్టి అది సంస్థ పరిధిలోకి రాదు, పిట్టలు మనుషులు కావు కాబట్టి అవి కూడా రావు, పరిధిలోకి రాని రెండు విషయాలు ఒకదాన్నొకటి తింటే సంస్థ జోక్యం చేసుకోలేదని చాలా బాధగా చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే సింహాచలం ఫోను చేసింది. ఆవిడకి ఆయన మామూలుగా ఉద్యోగపు విషయాలు చెప్పరు. ఆ రోజు చెప్పేశారు.

"పాలగింజ మీదకి పిట్టలొస్తంటే జనాన్ని తెచ్చి లైన్లో నిలబెట్టినారా?" అంది ఆవిడ. "మీకు జీతమిచ్చేటోళ్లు మంచులో పుట్టినారు, ఆళ్లకి తెలీదు. మీరు చోడిచేనులో పుట్టినారు గదండీ. మీకేటైపోనాది?"

ఆయన ఫోను పెట్టేసి ఆదేశాన్ని మళ్లీ మొదట్నుంచీ చదివారు.

మర్నాడు పొద్దున్న వంటశాల ముందు సన్యాసిరావుగారు లేరు. తను లబ్ధిదారు కాదు కాబట్టి పొలంలో కనబడటానికి తనకు ఏ అడ్డూ లేదన్న సంగతి ఆయనకు తెల్లవారుజామున తట్టింది. నూనెడబ్బా ఒకటి సంపాదించి, కోటు విప్పి కొయ్యకు తగిలించి, ఎస్నాత్ చేనులో దిగారు. ఫ్యాన్‌వెల్ కూడా లబ్ధిదారు కాదు గనక వెంట దిగాడు. చిన్నప్పటి కేక గొంతులో ఇంకా ఉందో లేదో చూద్దామని, హో అని ఒకటి వేశారు. ఉంది. చేను ఈ చివర ఆయన డబ్బా కొడితే పిట్టలు లేచి ఆ చివర వాలేవి. ఆ చివరికి పరిగెత్తితే మధ్యలో వాలేవి. ఫ్యాన్‌వెల్ మధ్యలో నిలబడితే పక్కచేనుకి పోయేవి. పక్కచేను కూడా ఎవరిదో ఒకరిదే. లోయ పొడుగునా అన్ని చేలు, ఇద్దరు మనుషులు. వరసలో నిలబడ్డ జనం దూరం నుంచి చూస్తూ ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. కొందరు నిలబడ్డచోట నుంచే కేకలు వేశారు. కేకలకు నిషేధం లేదు, కానీ పిట్టలకు అవి వినబడలేదు. సన్యాసిరావుగారు ఒకచోట కాలు బెణికి పడి, లేచి, మళ్లీ పరిగెత్తారు. ఆయన బట్టతలను చూసి కూడా ఒక్క పిట్ట బెదరలేదని తర్వాత తనే చెప్పుకునేవారు.

అలా ఎన్ని పొద్దులు తోలినా, చివరికి ఎస్నాత్ చేనులో ఒక మూల మిగిలింది. తక్కిన లోయ పుల్లలైంది. చోళ్లు, సజ్జ కూడా పోయాయి.

సరిగ్గా అప్పుడే వంటశాల ఎత్తేశారు. లోయలోకి వచ్చిన మొక్కజొన్న మొత్తాన్ని మనుషుల లెక్కన భాగించి చూస్తే, ఇంత పుష్కలంగా ఆహారం అందిన ప్రాంతం దేశంలో ఇంకొకటి లేదని తేలింది. పటం మీద చిలింబా పచ్చబడింది. గుస్తావ్ అభినందనలు తెలిపాడు.

అప్పుడు లోయకు నిజంగా ఆకలి వచ్చింది. గాదెల అడుగు ఊడ్చారు. కర్రపెండలం దుంప ఊరకముందే తవ్వేశారు. ఏటికి అవతల చుట్టాలున్నవాళ్లు పిల్లల్ని అక్కడికి పంపారు. మేకలు ఒక్కొక్కటే సంతకు వెళ్లాయి. ఎస్నాత్ తన చేను మూలలో మిగిలిన జొన్నను విత్తనానికి కొంత తీసి, తక్కినది బాలింతలున్న ఇళ్లకు పంచింది. సన్యాసిరావుగారి పేరు ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. ఎస్నాత్ ఇంటికెళ్తే ఆవిడ పీట వేసింది గానీ, బుర్ర తేలేదు. తేవడానికి లేదు.

ఆయన అత్యవసర నివేదిక పంపారు. జొన్న మొత్తం పోయింది, లోయ ఆకలితో ఉంది అని. జవాబు వెంటనే వచ్చింది. జొన్న ఆహారం కానందువల్ల జొన్న నష్టం ఆహార నష్టం కాదు. లేని ఆహారం పోవడం సాధ్యం కాదు.

సన్యాసిరావుగారు ఆ జవాబు ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. అందులో తప్పెక్కడుందని వెతికారు. ఎక్కడా లేదు. మొదటి నివేదికలో తను రాసినవాటి మీద నిఖార్సుగా నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి ఆయన ఎన్నడూ అబద్ధం రాయలేదు. అవసరం రాలేదు, నిబంధనలే ఆ పని చూసుకునేవి. ఇప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అది ఇంగ్లీషులో వచ్చి ఉంటే భయపడి మానేసేవారు. తెలుగులో వచ్చింది. లోయలో పోయింది జొన్నమొక్క. మాటలు రెండూ అటూ ఇటూ మారిస్తే మొక్కజొన్న. ఆ మాత్రం తారుమారు ఎంతటి నిపుణుడికైనా పొరపాటున జరగవచ్చు.

అలా రాసి పంపారు. చిలింబా లోయలో ఆలస్యంగా విత్తిన మొక్కజొన్న చేతికొచ్చే సమయంలో పిట్టల పాలైందని, మనుషులకు తిండి లేదని.

పటం మళ్లీ ఎర్రబడింది. లారీలు మళ్లీ వచ్చాయి. ఈసారి సన్యాసిరావుగారు వంటశాల పెట్టనివ్వలేదు. పాత్రలు వేలిముద్రల మిషనుతో సహా పాడైపోయాయని రాశారు. ఒక అబద్ధం రాశాక రెండోది ఎంత తేలికో చూసి ఆయనకే ఆశ్చర్యం వేసింది. బస్తాలు ఇళ్లకు వెళ్లాయి. పిల్లలు ఏరు దాటి తిరిగొచ్చారు. ఎస్నాత్ ఇంట్లో ఆయనకు మొక్కజొన్న సంకటి పెట్టారు. ఆయన పళ్లెం నాకినంత పని చేశారు. తన ప్రియమైన పంటను అంత కృతజ్ఞతగా ఆయన ఎన్నడూ తినలేదు.

కొన్నాళ్లకు రాజధాని నుంచి సంజాయిషీ అడుగుతూ కబురు వచ్చింది. వాన లేక మొదటి మొక్కజొన్న మాడిపోతే, అదే ఎండలో ఆలస్యంగా విత్తింది పిట్టలు తినేదాకా ఎలా బతికిందని. సన్యాసిరావుగారు తువ్వాలు నెత్తిన వేసుకుని పడుకున్నారు. ఉద్యోగం పోవడం ఖాయమనుకున్నారు. మూడో అబద్ధం తట్టలేదు కనక, అది తనకు కూడా అర్థం కాలేదని నిజం రాసేశారు.

ఆ నిజంతో సంస్థలో పెద్ద ఉత్సాహం లేచింది. ఎండకు తట్టుకునే మొక్కజొన్న. ఎన్నో దేశాల్లో ఎందరో ఎన్నో ఏళ్లుగా దానికోసం వెతుకుతున్నారు. నిపుణుడికే అర్థం కాలేదంటే అది చాలా గొప్ప వంగడమై ఉండాలి. ఆయన్ని తీసెయ్యడానికి బదులు ఇంకో ఏడాది ఉంచారు. వచ్చే పంటకాలంలో పరిశీలన సంఘం వస్తుందన్నారు.

వానలు పడగానే ఎస్నాత్ ఆయన దగ్గరికి వచ్చింది. ఈ ఏడు ఏం విత్తారని ఆ సంఘంవాళ్లు అడిగితే ఏం చెప్పమంటావని అడిగింది.

"మొక్కజొన్న అని చెప్పండి, అమాయ్."

"ఏం విత్తాలి?"

"మీకు ఏది పండుతుందనిపిస్తే అది."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లలో ఈ మనిషి నోట మొదటిసారి పనికొచ్చే సలహా వచ్చిందని ఫ్యాన్‌వెల్‌తో అంది. ఫ్యాన్‌వెల్ దాన్ని తర్జుమా చెయ్యలేదు. సన్యాసిరావుగారికి అప్పటికి ఆ మాత్రం భాష వచ్చేసింది.

ఆ ఏడు కూడా వాన అంతంతమాత్రమే. పరిశీలన సంఘం వచ్చేసరికి లోయ పొడుగునా జొన్న ఎర్రటి కంకులతో ఊగుతోంది. మంచెల మీద జనం, డబ్బాల మోత. సంఘంలోని పెద్దలు గట్టుమీద నిలబడి చూశారు. వాళ్లందరూ చదువుకున్నవాళ్లు, అది ఏమిటో వాళ్లకు తెలియకపోవడం అసాధ్యం. కానీ వాళ్లను పంపింది మొక్కజొన్నను పరిశీలించడానికి. అది మొక్కజొన్న కాదని తేలిస్తే, ముందు తాము అక్కడికి ఎందుకొచ్చారో రాయాలి. తర్వాత ఈ లోయకు ఇప్పటిదాకా వచ్చినవీ పోయినవీ అన్నీ ఎందుకో రాయాలి. ఒకాయన ఆకు వెడల్పు కొలిచాడు. ఇంకొకాయన కంకి పై భాగాన వచ్చిందని గమనించి, ఇది ఈ వంగడం ప్రత్యేకత కావచ్చన్నాడు. పీచు లేదని మూడో ఆయన అంటే, ఒలిచే శ్రమ తగ్గుతుందని నాలుగో ఆయన రాసుకున్నాడు.

గుస్తావ్ చేనులోకి దిగాడు. ఒక కంకి తుంచి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజలు నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. తర్వాత సన్యాసిరావుగారిని పక్కకు పిలిచాడు.

"రావుగారూ, ఇది మొక్కజొన్నే కదా?"

"నిర్వచనం ప్రకారం తిండయినది మొక్కజొన్న సార్. వీళ్లు తింటున్నారు."

గుస్తావ్ ముఖంలో ఎప్పుడూ ఉండే బాధ కాస్త సడలినట్టు కనబడింది.

"అయితే వీళ్లకి తిండి ఉన్నట్టే," అన్నాడు.

లోయ పచ్చబడింది. ఈసారి లారీలు రాలేదు, రానవసరం లేకపోయింది. జొన్న కొట్టారు, తూర్పారబట్టారు, గాదెలు నింపి మూతలకు మట్టి మెత్తారు. పంట ఇంటికి చేరిన వారానికి సన్యాసిరావుగారికి ఉత్తర్వు వచ్చింది. ప్రాంతములో ఆకలి లేనందున ఆకలి నిపుణుని ఆవశ్యకత లేదు. ఆయన అది రెండుసార్లు చదివి, కోటు మడిచి పెట్టెలో పెట్టుకున్నారు. సర్వీసులో ఎంతోమందిని పనిలోంచి తీసేశారు గానీ, పని జరిగిపోయిందని తీసెయ్యడం ఆయన ఎన్నడూ వినలేదు.

సింహాచలానికి ఫోను చేసి ఉద్యోగం పోయిందన్నారు.

"ఏం తప్పు చేసినారు?" అంది.

"ఊరోళ్లకి తిండి దొరికిందట. ఇక నేనక్కర్లేదట."

"అయితే మంచిదే గదా," అంది ఆవిడ. "బేగి వచ్చీండి. వంగమొక్కలకి పురుగు పట్టినాది. ఏ మందు కొట్టాలో మాత్రం చెప్పకండి, వచ్చి పురుగులు ఏరండి."

సన్యాసిరావుగారు తలూపారు. ఫోనులో అది కనబడదని తర్వాత గుర్తొచ్చి, సరేనన్నారు.